డాలస్ ఎండలు, అప్పుడూ ఇప్పుడూ

డాలస్‌లో జూన్ నెల వచ్చిందంటే తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా ఎండల ప్రస్తావన రాక తప్పదు. కొత్తగా వచ్చినవాళ్ళు 2023 వేసవిని చెబుతారు. వాళ్ళకంటే ముందు వచ్చినవాళ్ళు 2011ని మించినది లేదంటారు. 1980 వేసవిని స్వయంగా అనుభవించి చెప్పగలిగిన తెలుగువాళ్ళం ఈ ఊళ్ళో ఇప్పుడు కొద్దిమందిమే ఉన్నాం. అప్పటికి నా కాపురం కొత్తది, దేశం కొత్తది. ఎండ ఒక్కటే చిన్ననాటి నుంచి పరిచయమున్నది. ఆ పరిచయం ఎంతవరకు అక్కరకు వచ్చిందో, ఎక్కడ చాలలేదో, ఆ తరువాత ఈ ఊరి ఎండా, దాన్ని భరించే మనుషులూ ఎలా మారుతూ వచ్చారో నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

మాది బెజవాడ, సత్యనారాయణపురం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెతను ఏటా కళ్ళారా చూస్తూ పెరిగినవాళ్ళం. అయితే ఆ ఎండకు మా ఇంట్లో, మా వీధిలో ఒక క్రమం ఉండేది. పొద్దున తొమ్మిది కాకముందే వంట ముగించి, కిటికీ రెక్కలు మూసి, గుమ్మానికి వట్టివేళ్ళ తడికలు కట్టి, వాటి మీద మాటిమాటికీ చెంబుతో నీళ్ళు చల్లేవారు. పన్నెండు దాటాక దుకాణాలవాళ్ళు సగం తలుపు చేరవేసి లోపలే నడుం వాల్చేవారు. రిక్షావాళ్ళు చెట్టు నీడన రిక్షాలోనే ముడుచుకుని పడుకునేవారు. సాయంత్రం అయిదు దాటాక ఊరు మళ్ళీ లేచేది. అప్పుడు మేము డాబా మీదికి బిందెలతో నీళ్ళు చేరవేసి గచ్చు తడిపేవాళ్ళం. మొదటి బిందె పోయగానే సెగ మొహానికి కొట్టేది. రెండో విడత తడిపి, ఆరిన తరువాత పక్కలు పరుచుకుని, కూజా తలాపున పెట్టుకుని పడుకుంటే, ఏ అర్ధరాత్రికో కృష్ణ వైపు నుంచి కాస్త గాలి వీచేది. ఇరుగుపొరుగు డాబాల మీద కూడా జనం పడుకునే ఉండేవారు కనుక, ఒక డాబా మీద మొదలైన కబురు నాలుగు డాబాలు దాటి వెళ్ళేది. మృగశిర ప్రవేశించిందంటే తొలకరి కోసం అందరూ ఆకాశం వంక చూసేవారు; చినుకు పడకపోయినా, ఈ బాధ ఇక ఎన్నాళ్ళో ఉండదన్న ధీమా ఉండేది.

1979 చివర్లో పెళ్ళి చేసుకుని నేను డాలస్ బయలుదేరినప్పుడు మా అమ్మ పెట్టెలో సగానికి సగం ఊలు దుస్తులే సర్దింది. అమెరికా అంటే చలిదేశమని మా వీధిలో అందరికీ గట్టి నమ్మకం. టెక్సాస్ ఎండల గురించి మావారు ముందే ఉత్తరంలో రాసినా ఎవరూ పట్టించుకోలేదు. మేము రిచర్డ్‌సన్‌లో ఒక రెండంతస్తుల అపార్ట్‌మెంటు పై వాటాలో దిగాం. కిటికీకి బిగించిన ఏసీ ఒక్కటే, అది ముందుగదిలో ఉండేది. మా కారుకు ఏసీ లేదు. చేతిలో డబ్బు తక్కువైన రోజులు కనుక, ఆ రెండింటినీ మేము లోటుగా అనుకోలేదు.

1980 జూన్ 23న డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత 100 డిగ్రీల ఫారన్‌హీట్‌ను అందుకుంది. అప్పటికి నాకు ఫారన్‌హీట్ లెక్క అలవాటు కాలేదు. మావారు రేడియో వింటూ, చెప్పిన అంకెలోంచి 32 తీసేసి, అయిదుతో హెచ్చవేసి, తొమ్మిదితో భాగించి నాకు చెప్పేవారు. ఆ నెల 26న 113 అన్నారు. 27న కూడా 113 అన్నారు. లెక్క కడితే సరిగ్గా 45 డిగ్రీల సెల్సియస్. ఈ ఊరి వాతావరణ రికార్డుల్లో అంతకు మించిన అంకె ఇప్పటికీ లేదు. "మన బెజవాడ ఇక్కడికి వచ్చేసిందోయ్" అని మావారు అన్నప్పుడు నాకు ఒక్క క్షణం ఇంటికి వెళ్ళినంత దగ్గరగా అనిపించిన మాట నిజం.

ఆ వేసవికి కారణమేమిటో మావారు కాగితం మీద గీతలు గీసి చెప్పారు. ఆకాశంలో బాగా ఎత్తున ఒక అధిక పీడన మండలం టెక్సాస్ మీద తిష్ఠ వేసి కదలకుండా కూర్చుంది. దాని కింద గాలి పైనుంచి కిందికి దిగుతూ, ఒత్తిడికి మరింత వేడెక్కుతుంది. మేఘం పుట్టదు, వాన పడదు. నేలలో తేమ ఉంటే సూర్యతాపంలో కొంత ఆ తేమను ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. నేల ఎండిపోయాక ఆ తాపమంతా గాలిని వేడి చేయడానికే మిగులుతుంది. అంటే ఎండిన నేల రేపటి ఎండను పెంచుతుంది, ఆ ఎండ నేలను ఇంకా ఎండబెడుతుంది. 100 డిగ్రీలు దాటిన రోజులు ఆగస్టు 3 దాకా ఒక్కరోజు కూడా విరామం లేకుండా సాగాయి. అవి వరుసగా 42 రోజులు.

మా కార్తెల లెక్క మొత్తం ఇక్కడ తలకిందులైంది. ఈ ఎండ ఆరుద్రలో మొదలై, పునర్వసు, పుష్యమి కార్తెలను దాటి, ఆశ్లేష వాకిట దాకా నడిచింది. మా ఊళ్ళో నాట్లు పడే కాలంలో ఇక్కడ గడ్డి కాలి కమిలిపోతోంది. జులై చివర్లో అమ్మ రాసిన ఏరోగ్రామ్ వచ్చింది. ఆరుద్రలో మంచి వాన కురిసిందనీ, కాలవలకు నీళ్ళు వదిలారనీ, ఆవకాయ జాడీలు అటక మీదికి చేర్చామనీ రాసి, చివర "అక్కడ చలిగా ఉంటుంది, తలకు నూనె రాసుకుని వేడినీళ్ళు పోసుకో" అని రాసింది. అది చదువుతున్నప్పుడు నా నుదుటి చెమట కాగితం మీద పడి సిరా అలుక్కుపోయింది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది.

అంకె ఒకటే అయినా, బెజవాడ 45కూ డాలస్ 45కూ ఎంత తేడా ఉందో మొదటి వారంలోనే తెలిసివచ్చింది. బెజవాడలో ఊరు ఎండకు తలవంచి పక్కకు తప్పుకుంటుంది; డాలస్ తన వేళలను మార్చుకోలేదు. ఆఫీసు ఎనిమిదింటికి మొదలై అయిదింటికి వదిలేది. ఎండ పరాకాష్ఠకు చేరే ఆ వేళకు మావారు తారు పరిచిన పెద్ద మైదానం దాటి కారు దగ్గరికి వచ్చి, రెగ్జిన్ సీటు మీద తడి తువ్వాలు పరిచి, స్టీరింగును గుడ్డతో పట్టుకుని ఇంటికి వచ్చేవారు. నడిచే మనిషికి నీడనిచ్చే చెట్టు గాని, చలివేంద్రం గాని, అరుగు గాని ఆ రోడ్ల పక్కన ఉండేవి కావు. మూసిన గదుల్లో ఏసీ వేసుకుని బతికేలా కట్టిన నగరం కనుక, ఏసీ ఆగిన ఇంట్లో బతకడానికి ఏర్పాటంటూ ఏదీ లేదు.

జులైలో మా ఏసీ ఆగిపోయింది. అపార్ట్‌మెంటువాళ్ళకు చెబితే, బాగుచేసేవాళ్ళు ఊరంతా తిరుగుతున్నారనీ, మా వంతు వచ్చేదాకా ఆగక తప్పదనీ అన్నారు. పైకప్పు వేడి నేరుగా గదిలోకి దిగేది. రాత్రి తొమ్మిదింటికి కూడా గోడ మీద చెయ్యి ఆనించలేకపోయేవాళ్ళం. మా కింది వాటాలో ఒక అమెరికన్ పెద్దావిడ ఒంటరిగా ఉండేది. అంతవరకు ఆవిడకూ నాకూ చిరునవ్వు పరిచయమే. ఏసీ చప్పుడు వినబడకపోవడం గమనించి ఆవిడే మెట్లెక్కి వచ్చి తలుపు తట్టింది. "ఆ పై గదిలో ఉంటే నీ ప్రాణం మీదికి వస్తుంది అమ్మాయీ, మీ ఆయన్నీ తీసుకుని కిందికి వచ్చి పడుకో" అంది.

నిజానికి ఆవిడ ఇంట్లో ఏసీ ఉన్నా, కరెంటు బిల్లుకు భయపడి రాత్రి పూట వేసేది కాదు. ఆవిడకు వేరే పద్ధతి ఉంది. రాష్ట్రం ఉత్తరపు కొసన, 1930లలో ధూళి తుపాన్లు రేగిన ప్రాంతంలో పుట్టి పెరిగిన మనిషి. రెండు నూలు దుప్పట్లు స్నానాల తొట్టిలో నానబెట్టి, నీళ్ళు కారనంతవరకు పిండి, ఒకదాన్ని కిటికీకి అడ్డంగా కట్టింది. కిటికీ అడుగున నేల మీద టేబుల్ ఫ్యాను పెట్టి, దాని ముందు పళ్ళెంలో ఐసు గడ్డలు ఉంచింది. రెండో దుప్పటి నాకిచ్చి కప్పుకోమంది. తాను కుర్చీలో కూర్చుని, నీళ్ళు నింపిన రేకు బేసినులో పాదాలు ముంచుకుని, ఊరికే నిద్రపోవాలని ప్రయత్నించకు, ఒళ్ళు చల్లబడితే నిద్ర దానంతట అదే వస్తుందని చెప్పింది. ఆ తడిగుడ్డ మీదుగా వచ్చిన మొదటి గాలి ఒంటికి తగలగానే నాకు మా వట్టివేళ్ళ తడికలు గుర్తొచ్చి దుఃఖం ఆగలేదు. మర్నాడు నేను పెరుగు చిలికి, నీళ్ళు ఎక్కువ పోసి, ఉప్పూ అల్లమూ నిమ్మరసమూ కలిపి ఒక కూజాడు మజ్జిగ ఆవిడకు ఇచ్చాను. మొదటి గుక్క అనుమానంగానే తాగింది. మూడో రోజు నుంచి ఖాళీ కూజా తానే కడిగి మా గుమ్మం ముందు పెట్టేది.

ఆ రోజుల్లో టీవీ వార్తల్లో చనిపోయినవారి సంఖ్య రోజూ చెప్పేవారు. ఆ వేసవిలో అమెరికా మొత్తం మీద ఎండదెబ్బకు వేయిమందికి పైగా ప్రాణాలు పోయాయి. కాన్సస్ సిటీ, సెయింట్ లూయీ, మెంఫిస్ వంటి నగరాలు కూడా అల్లాడిపోయాయి. చనిపోయినవారిలో ఎక్కువమంది వృద్ధులూ పేదలూ. ఆ వార్త విన్న ప్రతిసారీ మా పెద్దావిడ లేచి, పక్క భవనంలో తనకు తెలిసిన మరో ముసలాయనకు ఫోను చేసి, మాట వినబడ్డాక పెట్టేసేది. ఆగస్టు 4న ఉష్ణోగ్రత 100కు చేరకుండా ఆగినప్పుడు, మా అపార్ట్‌మెంట్లలో ఎప్పుడూ పలకరించుకోని మనుషులు కూడా బయటికి వచ్చి ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. ఎండ అంతటితో పోలేదు. ఆ సంవత్సరం మొత్తం మీద 100 దాటిన రోజులు 69 అయ్యాయి. కానీ ఆ ఒక్కరోజు విరామం మాకు పండుగే.

2011 నాటికి మాకు ప్లేనోలో సొంత ఇల్లు ఉంది, ఇల్లంతటికీ ఏసీ ఉంది, కారుకూ ఉంది. ఆ సంవత్సరం జులై 2 నుంచి ఆగస్టు 10 దాకా వరుసగా 40 రోజులు 100 దాటాయి. 1980 నాటి 42 రోజుల వరుస నిలిచింది గాని, సంవత్సరం లెక్కలో 71 రోజులతో 2011దే పైచేయి అయింది. వేసవి సగటు కూడా 1980ని మించిపోయింది. మధ్యాహ్నపు అంకెల కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టినవి ఆ రాత్రులు. తెల్లవారుజామున కూడా 80 డిగ్రీల కిందికి దిగని రాత్రులు ఎన్నో గడిచాయి. 1980లో ఈ మహానగర ప్రాంతంలో ఉన్న జనం సుమారు 30 లక్షలు. ఇప్పుడు 80 లక్షలు దాటారు. అంతమందికి వేసిన రోడ్లూ, కట్టిన ఇళ్ళూ పగలంతా తాగిన వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటాయి.

ఆ ఎండను నేను ఒంటి మీద కంటే ఇంటి గోడల మీద చూశాను. డాలస్ నుంచి ఉత్తరాన మా ప్రాంతమంతా నల్లరేగడి. మా అమ్మమ్మగారి ఊరు గుంటూరు జిల్లాలో. అక్కడి మిరప చేలల్లో వేసవిలో నెర్రెలు ఎంత లోతుగా విచ్చుకుంటాయో, వానకు ఎలా మూసుకుపోతాయో చిన్నప్పుడే చూసినదాన్ని. అదే నేల ఇక్కడా ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఆగస్టులో ఒక ఉదయం మా పడకగది తలుపు చట్రానికి పట్టేసి తెరుచుకోలేదు. బయటికి వెళ్ళి చూస్తే ఇటుక గోడలో, ఇటుక అంచుల వెంబడి మెట్లు మెట్లుగా చీలిక పైకి పాకి ఉంది. పునాదికీ మట్టికీ మధ్య సందులో నా అరచెయ్యి మణికట్టు దాకా దిగింది. వేళ్ళ కొనలకు లోపల వెచ్చటి పొడి మట్టి తగిలింది. ఆ తరువాత మేము ఇంటి చుట్టూ, గోడకు అడుగు దూరంలో, సన్నటి రంధ్రాలున్న రబ్బరు గొట్టం పరిచి పునాదికి నీళ్ళు పెట్టడం మొదలుపెట్టాం. ఇక్కడ ఇళ్ళున్నవాళ్ళు చాలామంది చేసే పనే అది. ఇంటికి దాహం తీర్చడమేమిటని మా అక్క ఫోనులో ఆశ్చర్యపోయింది గాని, రేగడి నేల మీద కాపురం చేసినవాళ్ళకు అందులో వింతేమీ లేదు. మరోవైపు చెరువులు అడుగంటుతుంటే నీళ్ళ వాడకం మీద ఆంక్షలు పెట్టారు. ఆ కరువులో టెక్సాస్ అంతటా 30 కోట్లకు పైగా చెట్లు చచ్చిపోయాయని రాష్ట్ర అటవీశాఖ తరువాత అంచనా కట్టింది. మా వీధి చివర ఉన్న పెద్ద ఓక్ చెట్టు వాటిలో ఒకటి. ఆ మూల ఇంటివాళ్ళు కొత్త మొక్క నాటారు. అది నీడనివ్వడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది.

2022లోనూ ఎండ కాసింది. 2023లో 100 దాటిన రోజులు 55. ఆ ఆగస్టులో రాష్ట్రపు విద్యుత్తు వాడకం 85,000 మెగావాట్లు దాటింది. 2011లో అది సుమారు 68,000. మధ్యాహ్నం పూట కరెంటు పొదుపుగా వాడండని విజ్ఞప్తులు వచ్చేవి. అయినా మా ఇంట్లో ఫ్యాను ముందు దుప్పటి కట్టవలసిన అవసరం రాలేదు. చల్లని గదిలో కూర్చుని, ఫోనులో అంకె చూసి, బయట ఎంత వేడిగా ఉందో తెలుసుకున్నాం. ఆ సంగతే నన్ను ఇప్పటికీ వదలదు. 1980లో ఎండ మా మెట్ల మీద ఉన్న వాళ్ళందరినీ తాకింది కనుక ఒకరి సంగతి ఒకరికి తెలిసింది. ఇప్పుడది ఇళ్ళ కప్పుల మీద పనిచేసేవాళ్ళ మీదా, రోడ్లు వేసేవాళ్ళ మీదా, పార్సిళ్ళు మోసేవాళ్ళ మీదా పడుతోంది. కిటికీ అద్దం ఇవతల ఉన్న మాకు వాళ్ళ పేర్లు కూడా తెలియవు.

వడగళ్ళకు దెబ్బతిన్న పైకప్పులను మార్చే పని మా వీధుల్లో జులైలో కూడా సాగుతుంది. ఆ పెచ్చుల మీద మోకాళ్ళు ఆనించి మేకులు కొట్టే కుర్రాళ్ళను చూస్తే గుండె తరుక్కుపోతుంది. భవన నిర్మాణ కార్మికులకు ప్రతి 4 గంటలకు 10 నిమిషాల విరామం ఇవ్వాలని డాలస్ నగరపాలక మండలి 2015లో నిబంధన చేసింది. అంత చిన్న నిబంధన కూడా, స్థానిక నిబంధనలు చెల్లకుండా చేసేందుకు రాష్ట్ర శాసనసభ 2023లో తెచ్చిన చట్టంతో చిక్కుల్లో పడి కోర్టులకెక్కింది. అదే సంవత్సరం జూన్‌లో, ఎండ తీవ్రత గురించి హెచ్చరిక ఉన్న రోజున, డాలస్‌లో టపా పంచుతూ అరవై దాటిన పోస్టుమ్యాన్ ఒకరు కుప్పకూలి ప్రాణం విడిచారు. పది నిమిషాల నీడ గురించి శాసనసభలు వాదించుకోవలసి రావడం నాకు మింగుడుపడదు. మా బెజవాడలో ఏ దుకాణదారుడూ మిట్టమధ్యాహ్నం కూలివాణ్ణి మూట దించకుండా నిలబెట్టేవాడు కాదు.

అలాగని బెజవాడను ఊహల్లో అందంగా నిలుపుకోవాలని నాకు లేదు. 2015 మే నెలలో నేను అక్కడే, మా అక్క దగ్గర ఉన్నాను. ఆ వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో కలిపి రెండువేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలోనూ వృద్ధులూ, పొలాల్లోనూ పనుల చోటా ఎండలో నిలబడినవాళ్ళే ఎక్కువ. మేము పడుకున్న డాబా ఉన్న ఇల్లు పోయి అక్కడ అపార్ట్‌మెంటు లేచింది. డాబా మీద నీళ్ళ ట్యాంకులున్నాయి, ఎవరూ పడుకోరు. కూడలిలో చలివేంద్రం మాత్రం ఉంది. కుండల మీద తడి గోనెపట్టా కప్పి, ఒక నడివయసు ఆయన వచ్చినవాళ్ళకల్లా మజ్జిగ పోస్తున్నారు. ఆటోవాళ్ళు దిగి తాగి, సీసాల్లో నింపుకుని వెళుతున్నారు. చాలాసేపు అక్కడే నిలబడి చూశాను.

ఇప్పుడు నా దిగులంతా ఫ్రిస్కోలోనూ, ఇర్వింగ్‌లోనూ పిల్లల దగ్గరికి వేసవిలో వచ్చి ఉండే తల్లిదండ్రుల గురించే. "మేము ఎండలెరగమా అమ్మా" అని నవ్వేస్తారు. వాళ్ళ అలవాటు ప్రకారం సాయంత్రం అయిదింటికి చెప్పులేసుకుని నడకకు బయలుదేరుతారు. మన ఊళ్ళో అది ఎండ చల్లబడే వేళ. ఇక్కడ వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికే ఒకటిన్నర అవుతుంది, అస్తమయం ఎనిమిదిన్నరకు గాని కాదు. అందువల్ల సాయంత్రం నాలుగు, ఆరు మధ్యనే వేడి అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. పైగా పిల్లలు ఆఫీసులకు వెళ్ళాక ఇంట్లో వాళ్ళిద్దరే ఉంటారు. ఏసీ ఆగిపోతే ఎవరికి చెప్పాలో తెలియదు. పని చేసుకుంటున్న పిల్లలను ఎందుకు ఇబ్బంది పెట్టాలని ఊరుకుంటారు.

అందుకని మా చుట్టుపక్కల నాలుగైదు వీధుల్లో ఉన్న ఇలాంటి పెద్దవాళ్ళ ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాసిపెట్టుకున్నాను. ఉష్ణోగ్రత 100 దాటుతుందన్న రోజున మధ్యాహ్నం రెండింటికి నేనూ, ఈ మధ్యే ఉద్యోగ విరమణ చేసిన మరో ఇద్దరు ఆడవాళ్ళమూ పంచుకుని ఫోన్లు చేస్తాం. ఏసీ నడుస్తోందా, నీళ్ళు తాగారా, ఇవాళ నడక పొద్దున ఏడింటికే ముగించారా అని అడుగుతాం. ఎవరి ఇంట్లోనైనా ఏసీ ఆగితే, బాగయ్యేదాకా మా ముగ్గురి ఇళ్ళలో ఒకదానికి రమ్మంటాం. కిందటి వేసవిలో ఒంగోలు నుంచి వచ్చిన దంపతులు మొహమాటపడుతూనే మా ఇంటికి వచ్చి రెండు రాత్రులు ఉన్నారు. ఆవిడ వెళ్ళేటప్పుడు నాకు మామిడి ఒరుగులు ఇచ్చి వెళ్ళింది. డాలస్ పరిసరాల్లో మీ వీధిలో ఇలాంటి పెద్దవాళ్ళుంటే, జూన్ రాకముందే వాళ్ళ నంబర్లు తీసుకుని ఉంచుకోండి.